చాందినీ గిట్టలకు ఆముదం

సోమేశ్వర్‌తో కాపురం చేయడంలో ఉన్న చిక్కల్లా ఒక్కటే. లోకంలో ఏ సమస్య వచ్చినా అది నూనె తక్కువై వచ్చిందనే ఆయన నమ్మకం. తలుపు కిర్రుమంటే నూనె. తల్లికి నిద్ర పట్టకపోతే నూనె. స్టవ్ నాబ్ బిగుసుకున్నా, పక్కింటివాళ్లతో మాటలు బిగుసుకున్నా ఆయన నూనె సీసా పట్టుకునే బయలుదేరతాడు. పెళ్లైన కొత్తలో ఒక సాయంత్రం రుక్మిణి అమ్మ గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఆమె మాడు మీద ఇంత ఆముదం పెట్టి, "ఇగ సల్లవడుతది, పండుకో" అన్నాడు. ఏడ్చి అలసిపోయిన రుక్మిణి నిజంగానే పడుకుంది. ఆముదం గొప్పతనానికి అంతకు మించిన రుజువు ఆయన మళ్లీ ఎన్నడూ వెతుక్కోలేదు.

బీరంగూడలో గానుగ నూనెల దుకాణం నడిపే మనిషికి ఆ మాత్రం భక్తి ఉంటే ఉందిలే అని, డిగ్రీలో జువాలజీ చదివిన రుక్మిణి సర్దుకుపోయింది. గుర్రం విషయంలోనే సర్దుకోవడం కుదరలేదు.

వాళ్లది రెండో అంతస్తు. బాల్కనీ కింద ఒక ఖాళీ ప్లాటు ఉంది. అది అన్నదమ్ముల కేసులో ఇరుక్కుపోయింది కాబట్టి అందులో ఎవరూ ఇల్లు కట్టరు, దాన్ని ఎవరూ అమ్మరు. అందుకని అది ఎప్పుడూ పచ్చగా, ప్రశాంతంగా ఉంటుంది. వెనక గల్లీలో ఉండే షంషేర్ తన పెళ్లి గుర్రం చాందినీని అక్కడే రెక్సిన్ పందిరి కింద కట్టేస్తాడు. తెల్లవారుజామున తుంపర పడుతుంటే, దూరంగా ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి వచ్చే ఆవిరి కిందికి వంగి ఆ ప్లాటు మీద పరుచుకుంటుంది. దాని మధ్యలో తెల్లటి చాందినీ మోకాళ్ల దాకా మబ్బులో మునిగి, తల వంచుకుని, తనకు మాత్రమే వినిపించే ఏదో బ్యాండు వింటున్నట్టు నిలబడి ఉంటుంది. టీ గ్లాసు పట్టుకుని రుక్మిణి రోజూ కాసేపు అటే చూసేది. ఆ కాసేపట్లో ఇంటి పనులన్నీ ఎవరో వేరే ఆవిడవి అనిపించేది. ఫస్టు షిఫ్టు సైరన్ మోగగానే ఆవిరి పలచబడి గుర్రం కాళ్లు బయటపడేవి. బాధంతా ఆ కాళ్లలోనే ఉంది.

గిట్టలు నిలువునా చీలాయి. అంచులు పాత గోడ సున్నంలా పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఆషాఢానికి ముందు జరిగిన ఆఖరి పెళ్లిలో చాందినీ కుంటుకుంటూనే ఊరేగింపు నడిచింది. బ్యాండు వాళ్లు దాన్ని నాట్యం అనుకుని, ఆ కుంటుకు తగ్గట్టు దరువు మార్చారు. పెళ్లికొడుకు ఫోటోలన్నిట్లో ఒకవైపు ఒరిగి ఉన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చిన షంషేర్ అన్నం ముట్టలేదని అతని భార్య ఖుద్సియా రుక్మిణికి చెప్పింది. చెబుతూనే తన నిర్ణయం కూడా చెప్పేసింది. దసరా దాకా చూస్తుంది. అప్పటికీ కాళ్లు ఇలాగే ఉంటే గుర్రాన్ని హత్నూర వైపు ఇటుక బట్టీ పెట్టుకున్న భీమశంకరానికి ఇచ్చేసి, ట్రాలీ ఆటో కొనుక్కుంటారు.

"ఆటోకు టైరు పగిల్తె కొత్తది ఏస్కోవచ్చు రుక్మిణక్కా. దీనికి కాలు యాడికెల్లి తేవాలె?" అంది.

ఆ గిట్టలతో ఇటుకలు మొయ్యడమంటే ఏమిటో షంషేర్‌కు తెలుసు. అందుకే అతను రోజూ పొద్దున వచ్చి చాందినీ మెడ మీద చెంప ఆనించి నిలబడేవాడు తప్ప కాళ్ల వైపు చూసేవాడు కాదు.

ఆ సంగతి రుక్మిణి భర్తకు చెప్పడమే పొరపాటైంది. మర్నాడు శుక్రవారం. ఆమె పథకం మామూలుగానే ఉంది. పొద్దున్నే అత్తగారు నర్సింహమ్మకు తలంటి, ఇడ్లీ పెట్టి, మధ్యాహ్నం ఒక నిద్ర తీయాలి. తలంటు కోసం గోరువెచ్చగా కాచి పెట్టిన ఆముదం గిన్నె కనిపించకపోవడంతో ఆ పథకం మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. సోమేశ్వర్ అప్పటికే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఆ ఇత్తడి గిన్నెలో ఇంత పసుపు కలుపుతున్నాడు.

"మడిమలు పగిల్తె మనం ఏం పూస్తం? ఆముదం, పసుపు. గుర్రానికి గిట్టే కద మడిమె" అన్నాడు.

"గిట్ట గోరు లెక్క. గోరుకు నూనె పట్టిస్తె మెత్తవడుతది గని గట్టివడదు" అంది రుక్మిణి.

"నీది కాలేజీల సదివిన గుర్రం. ఇది నిజం గుర్రం" అని ఆయన మెట్లు దిగిపోయాడు.

తర్వాత జరిగిందంతా ఆ పావుగంటలోనే మొలకెత్తింది. తడి తువ్వాలు భుజాన వేసుకుని, నుదుట కుంకుమతో, సోమేశ్వర్ చాందినీ ముందు గొంతుకూర్చున్నాడు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడు కాబట్టి చీలికలు కనిపించాలంటే నుదురు గిట్టకు ఆనేంతగా వంగాల్సి వచ్చింది. ముందు కాళ్లు అయ్యాక వెనక కాళ్లకు పూయాలంటే గుర్రం చుట్టూ తిరిగి వెళ్లాలి. తిరిగాడు. తీరా వెనక కాళ్లు చూశాక ధైర్యం చాలక మళ్లీ ముందుకొచ్చి, దాని మొహం ముందు రెండు చేతులూ జోడించి, తన్నవద్దని మెల్లగా వేడుకున్నాడు. చాందినీ కళ్లు మూసుకుని తల ఊపింది. అది ఈగలను తోలుకోవడానికి.

రెండో అంతస్తు బాల్కనీలో, సగం నిద్రలో, తలంటుకు సిద్ధంగా జుట్టు విప్పుకుని కూర్చున్న నర్సింహమ్మ ఇదంతా ఆవిరి తెరలోంచి చూసింది. ఆమెకు ఆ తెల్లవారుజామునే కలలో తెల్ల గుర్రం కనిపించింది. నిజానికి కళ్లు తెరిస్తే ఎదురుగా ఉండేది అదే కాబట్టి అది కలో, చూపో చెప్పడం కష్టం. కానీ తన కొడుకు, దుకాణం తెరిచే వేళ దేవుడి పటానికి అగరొత్తి తిప్పడం తప్ప ఇంకో పూజ ఎరగని మనిషి, పసుపు నూనెతో ఒక జీవి కాళ్లు కడిగి, ప్రదక్షిణం చేసి, చేతులు జోడించడం ఆమె స్వయంగా చూసింది. ఏదో పెద్ద మొక్కే మొక్కుకుని ఉంటాడు.

కొడుకును అడగొచ్చు. అడగలేదు. మొక్కు నోటితో బయటపెడితే ఫలం పోతుందని ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధి వీధంతా నమ్మకం. ఎవరి మొక్కు గురించీ వాళ్లను అడగరు. వాళ్లను తప్ప మిగతా అందరినీ అడుగుతారు.

నర్సింహమ్మ ఎదురు అపార్ట్‌మెంట్ వెంకటరామయ్య చెవిన వేసింది. ఆయన పెద్ద ఫ్యాక్టరీలో రిటైరై నాలుగో అంతస్తులో ఉంటాడు. వాళ్ల లిఫ్టు ఉగాది నుంచి పనిచేయడం లేదు. ఆ సాయంత్రం ఆయన మోకాళ్లు పట్టుకుని దిగివచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని, చాందినీకి ఒక నమస్కారం పెట్టి పోయాడు. మర్నాడు లిఫ్టు కదిలింది. మెకానిక్ పార్టు తెచ్చి వేశాడన్న మాట కూడా నిజమే గానీ, మెకానిక్‌కు ఆ రోజే బుద్ధి ఎందుకు పుట్టిందో చెప్పమని వెంకటరామయ్య వాచ్‌మన్‌ను నిలదీశాడు.

కృతజ్ఞత ఎలా చూపించాలన్నది వెంకటరామయ్యకు పెద్ద ప్రశ్న కాలేదు. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలో పెళ్లికొడుకు గుర్రమెక్కే ముందు ఇంటి ఆడపడుచు బిందెడు పసుపు నీళ్లు గుర్రం కాళ్ల మీద పోస్తుంది. ఆయన తన భార్యతో అదే చేయించాడు. ఆదివారానికి నాలుగు బిందెలయ్యాయి. ఆ తర్వాత లెక్కపెట్టే ఓపిక బాల్కనీలోంచి చూస్తున్న రుక్మిణికి లేకపోయింది.

కళ్ల ముందు అది కలలాగే పెరిగింది. తెల్లారేసరికి ఆవిరిలోంచి ఒక్కొక్కటిగా రంగు చీరలు తేలివచ్చేవి. బిందెల అంచుల మీద వేపాకులు, నీళ్లలో పసుపు, ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. నైట్ డ్యూటీ దిగిన బీహారీ కుర్రాళ్లు హెల్మెట్లు చంకలో పెట్టుకుని 'ఘోడీ మాతా' అని గొణుక్కుంటూ వాటర్ బాటిళ్లలో మిగిలిన నీళ్లు పోసేవారు. గుమ్మడిదల నుంచి ఆటోలు వచ్చాయి. డ్రైవర్లు ఆ మలుపును గుర్రం స్టాపు అనడం మొదలుపెట్టారు. చాందినీ ఆ పసుపు మడుగులో నిలబడి అందరి వైపూ మర్యాదగా చూసేది. పెళ్లి గుర్రం కదా, జనం అలవాటే.

షంషేర్ మొదట నవ్వాడు. తర్వాత గాభరాపడ్డాడు. ఆపమనవచ్చు కదా అని రుక్మిణి అడిగితే తల గోక్కున్నాడు.

"ఎట్ల ఆపాలె భాభీ? బిందె పట్టుకొచ్చిన ప్రతి ఇంట్ల పెండ్లికొడుకు ఉన్నడు. ఇయ్యాల వద్దంటె రేపు నన్ను బరాత్‌కు పిలుస్తరా? పైగా సేటే మొదలువెట్టిండు. పెద్దమనిషి. ఆయన మొక్కు సంగతి నేనెట్ల అడగాలె?"

పెద్దమనిషి దుకాణంలో ఆముదం అయిపోయింది. మళ్లీ తెప్పించాడు, మళ్లీ అయిపోయింది. 'గుర్రానికి పూసేది' అని అడిగి తీసుకుపోతున్నారు. మొదటి రోజు ఆయన నోరు తెరిచి అసలు విషయం చెప్పబోయాడట. వెనక వరుసలో ఉన్నావిడ తొందరపెట్టిందట. ఆ తర్వాత సందర్భం రాలేదట. అన్నం వడ్డిస్తూ రుక్మిణి ఈ 'అట'లన్నీ ఓపిగ్గా విని, ఇప్పుడైనా చెప్పొచ్చు కదా అంది.

"మొక్కు అని నేనెక్కడన్న అన్ననా? నూనె అడిగిండ్రు, ఇచ్చిన. అయినా నూనె మంచిదే కద" అని ఆయన పప్పు కలుపుకోవడంలో మునిగిపోయాడు.

అబద్ధం చెప్పకుండా అబద్ధంలో కాపురం ఉండటం ఎంత హాయో ఆయన మొహం చూస్తే తెలిసేది.

మధ్యాహ్నమంతా ఎండకు, వేడెక్కిన రోడ్డు అంచుకు ఎండటం, పొద్దునా సాయంత్రం పసుపు నీళ్లలో నానటం, మధ్యలో ఆముదం. చాందినీ గిట్టలు బిస్కెట్టులా అయ్యాయి. ఒక పొద్దున కుడి ముందు గిట్ట అంచు అరచేతి వెడల్పున ఊడి పడింది. షంషేర్ చూసేలోపే ఒకావిడ ఆ ముక్కను కళ్లకద్దుకుని కొంగున ముడివేసుకుంది. మర్నాటికి అది పసుపు గుడ్డలో చుట్టి ఒక కొత్త మొబైల్ షాపు గుమ్మానికి వేలాడింది. గుర్రపు నాడా గడపకు కొట్టడం ఎలాగూ తెలిసిన అలవాటే. గిట్ట దానికంటే గొప్పది కదా అన్నారు. ఇక చాందినీ కాలు కదిపితే చాలు, నాలుగు చేతులు నేల వెతికేవి. ఎవరూ దాన్ని బాధపెట్టాలనుకోలేదు. రాలింది ఏరుకోవాలనుకున్నారు, అంతే. రాలడం కోసం ఎదురుచూస్తున్నామని మాత్రం వాళ్లకు తోచలేదు.

ఆ సాయంత్రం చాందినీ పడుకుంది, లేవడానికి ఇష్టపడలేదు. షంషేర్ దాని ముందు కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సోమేశ్వర్ అలవాటుగా గిన్నెతో దిగివచ్చి పలకరిస్తే తలెత్తలేదు. సేటూ అనలేదు, సలాం అనలేదు. సోమేశ్వర్ గిన్నెను వీపు వెనక పెట్టుకుని మెట్లెక్కి వచ్చేశాడు. దసరా దాకా ఆగడం దేనికి, భీమశంకరానికి ఇప్పుడే ఫోన్ చేస్తానని కింద ఖుద్సియా అంటోంది.

రుక్మిణి మర్నాడు పొద్దున ఆటో మాట్లాడుకుని వెళ్లి పశువుల దవాఖానా నుంచి డాక్టర్ అక్షరను వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ మడుగులోంచి గుర్రాన్ని బయటికి నడిపించి, కాలెత్తి గిట్ట మీద బొటనవేలు నొక్కింది. వేలు నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగింది.

"ఇది ఎవరు చేసిండ్రు?" అని అడిగింది.

షంషేర్ ఖుద్సియాను చూశాడు. ఖుద్సియా బాల్కనీ వైపు చూసింది. బాల్కనీలో సోమేశ్వర్ ఆకాశం వైపు చూశాడు.

డాక్టరమ్మ చెప్పిన వైద్యం వినడానికి మరీ మామూలుగా ఉంది. తడి తగలకూడదు. నూనె తగలకూడదు. పొడి ఇసుక మీద నిలబెట్టాలి. పెరిగిపోయిన గిట్టను, పాత నాడాలను పట్నం నుంచి పనివాణ్ణి పిలిపించి తీయించాలి, తర్వాత కూడా నెలా నెలన్నరకొకసారి చెక్కిస్తూ ఉండాలి. ఊరికే ఎండుగడ్డి కాకుండా పచ్చి లూసర్ను గడ్డి, ఖనిజాల పొడి పెట్టాలి. చీలిన గిట్ట అతుక్కోదు. మన గోరు పెరిగినట్టు పైనుంచి కొత్తది దిగివస్తూ పాతదాన్ని కిందికి తోసేయాలి. పూర్తిగా దిగడానికి దాదాపు ఏడాది పడుతుంది.

"అప్పటిదాక ఓపికే మందు" అని ఆమె చేతులు కడుక్కుంది. ఆ నీళ్లు గిట్టల మీద పడకుండా దూరంగా పోసింది.

మర్నాడు తెల్లవారకముందే సోమేశ్వర్ కిందికి దిగి స్టూలు వేసుకుని ఎక్కాడు. రుక్మిణి టీ గ్లాసుతో బాల్కనీలోంచి చూసింది. ఇక్కడ మొక్కూ లేదు, మహిమా లేదు, గిట్టలు పగిలితే ఏదో తెలిసింది పూశాను, దయచేసి నీళ్లు పోయకండి అని ఆయన అందరికీ వినపడేలా చెప్పాడు. బిందెలు కిందికి దిగలేదు. కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

వెంకటరామయ్య అందరి తరఫునా ఆయన చెయ్యి పట్టుకుని స్టూలు మీంచి దింపాడు. "మాకు ఎర్కనే సోమేశ్వర్. మొక్కు బయటవెడితె ఫలం ఉండదు. గందుకే గట్ల అంటున్నవ్. మేం అడగం."

ఆ రోజు మామూలు కంటే ఎక్కువ నీళ్లు పడ్డాయి.

నిజం తన చేతనైనంత చేసి ఓడిపోయిందని రుక్మిణికి అర్థమైంది. లోపలికి వచ్చి స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగేదాకా వాటినే చూస్తూ నిలబడింది. పాల మీది ఆవిరి, కిటికీ బయటి ఆవిరి ఒక్కటే అయినట్టు ఉంది. ఆ ఆవిరిలోంచి తెల్లటి గుర్రం వంటింట్లోకి నడిచి వస్తే ఎలా ఉంటుందో ఆమె ఊహించింది. గచ్చు మీద అడుగుల చప్పుడు ఉండదు. ఏం చెబుతుంది? మర్యాదగానే చెబుతుంది, పెళ్లిళ్లకు తిరిగినది కదా. పాలు పొంగాయి. నిలబడి, కళ్లు తెరుచుకుని కన్నదైనా కల కలే అని ఆమె తీర్మానించుకుంది.

"అత్తమ్మా, నాకు కలల చాందినీ కనవడ్డది" అని టీ అందిస్తూ అంది.

నర్సింహమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది. "ఏమన్నది?"

"కాళ్లు మస్తు తడిసినయట. అందరి మొక్కులు అందినయట. ఇగ ఒక్క సుక్క నీళ్లు, ఒక్క సుక్క నూనె సుత వద్దన్నది. పొడి ఇసుక తెమ్మన్నది. గంపెడు. కాళ్లు ముట్టుకోవద్దట, ఇసుక పోసి దూరంకెల్లి దండం పెట్టాల్నట. లూసర్ను గడ్డి తెమ్మన్నది. ఖనిజాల పొడి సుత అడిగింది."

"గుర్రానికి ఖనిజాల పొడి సంగతెట్ల ఎర్క?"

"డాక్టరమ్మ చెప్పంగ విన్నదేమో అత్తమ్మా" అంది రుక్మిణి. ఆ సమాధానంలో నర్సింహమ్మకు వంక దొరకలేదు.

మధ్యాహ్నం వంటలయ్యేసరికి ఆ కల వీధి దాటింది. సాయంత్రానికి కొంతమంది తమకూ అదే కల వచ్చిందని చెప్పుకున్నారు. ఒకావిడకు వచ్చిన కలలో గుర్రం పట్నం నుంచి నాడాల పనివాణ్ణి కూడా పిలిపించమంది. ఆ ముక్క రుక్మిణి అసలు ఎవరికీ చెప్పి ఉండలేదు. ఆలోచిస్తే భయం వేసింది కానీ పని జరుగుతోంది కాబట్టి ఆలోచించడం మానేసింది.

తెల్లారి ఆవిరిలోంచి మళ్లీ చీరలు తేలివచ్చాయి. ఈసారి నెత్తిన బిందెలకు బదులు గంపలు. కట్టుబడి సాగుతున్న ప్రతి అపార్ట్‌మెంట్ ముందూ ఇసుక కుప్ప ఒక మూల కాస్త తగ్గింది. మేస్త్రీలు మొదట అరిచారు, కారణం విన్నాక వాళ్లే ఒక ట్రాక్టరు పంపారు. వెంకటరామయ్య పాత పరిచయాలతో తుక్కులో పడేసిన మందపాటి రబ్బరు పట్టాలు తెచ్చి ఇసుక కింద పరిపించాడు. పందిరికి రేకులు పడ్డాయి. వానంతా ఆ రేకుల మీదే పాడుకుంటూ పోయేది. కింద చాందినీ ఆ కాలనీలో ఎవరి ఇంట్లోనూ లేనంత పొడి నేల మీద నిలబడి, గడ్డి నములుతూ, రోజులో ఎక్కువ భాగం కళ్లు మూసుకుని ఉండేది. చెప్పులన్నీ ఇసుక అంచునే ఆగిపోయేవి.

సోమేశ్వర్ మాత్రం అటు వెళ్లడం మానేశాడు. శ్రావణమంతా ఊరేగింపుల బ్యాండు వీధి చివరి నుంచి వినిపించినప్పుడల్లా చాందినీ చెవులు నిక్కించేది, షంషేర్ మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఒక్క పెళ్లికీ పోలేకపోయారు. షంషేర్ సోమేశ్వర్ దుకాణం ముందు నుంచే నడిచి వెళ్లేవాడు గానీ లోపలికి చూసేవాడు కాదు. ఇంట్లో ఎవరి మోకాళ్లు నొప్పి పెట్టినా సోమేశ్వర్ నూనె మాట ఎత్తకపోవడం రుక్మిణి గమనించింది. గమనించినట్టు కనిపించకుండా జాగ్రత్తపడింది.

దసరా పండగ ముందు భీమశంకరం లారీ వేసుకుని వచ్చాడు. ఖుద్సియా మాట మాటే. పలుపు విప్పమని భర్తకు చెప్పి, తను వెళ్లి దూరంగా నిలబడింది. షంషేర్ పలుపు విప్పకుండా ముడి మీద చెయ్యి వేసి అలాగే ఉన్నాడు. గంపలతో వచ్చిన ఆడవాళ్లు ఏం జరుగుతోందో తెలిసి అక్కడికక్కడే ఆగిపోయారు. భీమశంకరం ముందుకు నడిచాడు. ఇసుక అంచున వరసగా విడిచిన చెప్పులు చూసి, ఆలోచించకుండానే తన చెప్పులూ విడిచాడు. విడిచాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు. కాసేపు గుర్రాన్ని, గంపలను, మళ్లీ తన ఒట్టి కాళ్లను చూసుకున్నాడు.

"నాకొద్దమ్మా. చెప్పులిడిసి దండం పెట్టేదాని మీద ఇటుకలు ఏస్తనా? రేపు బట్టీ ఆరిపోతె ఎవలను అడగాలె?" అని వెనక్కి తిరిగి, చెప్పులు చేత్తో పట్టుకునే లారీ ఎక్కాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఖుద్సియా తప్ప. ఆటో పోయింది, కుంటి గుర్రం మిగిలింది. ఆమె ఇసుక అంచుకు వచ్చి, దుకాణానికి బయలుదేరుతూ ఆగిపోయిన సోమేశ్వర్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మహిమలు గిహిమలు నాకొద్దు భాయ్‌సాబ్. నాకు ఒక్కటి చెప్పుండ్రి. వానకాలం ముంగట చీలికలే ఉండె. ముక్కలు ముక్కలు ఎందుకు రాలినయి? మళ్ల గట్లనే అయితయా? తెలిస్తె నేను ఆగుత. తెల్వకపోతె ఇంకో బేరం సూస్కుంట."

వాన వల్ల అనొచ్చు. ఎవరూ కాదనేవారు కాదు. జనం వల్ల అన్నా సగం నిజమే. వెంకటరామయ్య మొక్కును కాపాడే ఉద్దేశంతో అప్పటికే ఏదో అనబోతున్నాడు. సోమేశ్వర్ షంషేర్ వైపు, ఆ ముడి మీద ఇంకా అలాగే ఉన్న చేతి వైపు చూశాడు. తర్వాత మెట్ల దగ్గర నిలబడ్డ రుక్మిణి వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు. తాళంచెవులు జేబులో వేసుకుని, చెప్పులు విడిచి, ఇసుకలోకి వచ్చాడు.

"మొక్కు కాదు, ఏం కాదు. తప్పు నాది" అన్నాడు. "నూనె పుయ్యొద్దని రుక్మిణి మొదటి దినమే చెప్పింది. నేను ఇనలె. నీళ్లు పోస్తుంటె చెడుతదని నాకు అనుమానం ఉండె. దుకాణం నడుస్తున్నదని నోరు మూస్కున్న. షంషేర్ భాయ్, నీ గుర్రాన్ని నేనే గిట్ల చేసిన. మళ్ల గట్ల కాదు. కొత్త గిట్ట నేల దాక దిగేదాక గడ్డి నాది, పనివాని కూలి నాది."

షంషేర్ ముడి మీది నుంచి చెయ్యి తీశాడు. చాందినీ ముందు కాలు మెల్లగా ఎత్తి, భార్యకు చూపించాడు. పైన వెంట్రుకల అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పున కొత్త గిట్ట దిగింది, నున్నగా, చీలిక లేకుండా, వాన వెలిసిన తర్వాతి ఆకాశం రంగులో. ఖుద్సియా వంగి దాని మీద గోరు నొక్కింది. గోరు దిగలేదు. మిగతా కాళ్లు కూడా ఎత్తించి చూసింది.

"ఎండకాలం దాక ఆగుత" అంది లేస్తూ. "గీ ఇసుకల ఒక్క సుక్క నూనె కనవడితె మాత్రం భాయ్‌సాబ్, మిమ్ముల్నే బట్టీకి తోలిస్త."

సోమేశ్వర్ తలూపాడు. షంషేర్ చాలా రోజుల తర్వాత, "సేటూ, చాయ్ తాగుతవా?" అన్నాడు.

పెళ్లాం చెప్పిందే నిజం, తప్పు నాదే అని ఒక మొగుడు నలుగురి ముందు నిలబడి అనడం కళ్లారా చూశాక, ఆ గుర్రానికి మహిమ లేదంటే కాలనీ ఆడవాళ్లెవరూ ఇక నమ్మలేదు.